సముద్రం లేని ఊళ్ళలో నేవీ వాళ్ళ ఇళ్ళు

కర్నూలు, డిసెంబర్ 3

ఈ ప్రయాణం మా పెద్దనాయనది. నేను తోడు మాత్రమే. ఆయన 1971 యుద్ధంలో విక్రాంత్ అనే విమానవాహక నౌక మీద సెయిలర్. కోయిలకుంట్ల పక్కన పల్లెలో పుట్టి, నేవీలో చేరేదాకా కుందూ నది తప్ప వేరే పారే నీళ్ళు చూడని మనిషి. రిటైరయ్యాక హైదరాబాద్‌లో సైనిక్‌పురిలో స్థిరపడ్డారు. తనతో ట్రైనింగ్ చేసినవాళ్ళలో సీమలో మిగిలింది ముగ్గురని, కర్నూలులో ఒకరు, కడపలో ఒకరు, అనంతపురంలో ఒకరు ఉన్నారని, ఈ చలికాలంలోనే అందరినీ చూసి రావాలని పట్టుబట్టారు. కడపాయన ఫోన్ చాన్నాళ్ళుగా కలవడం లేదు. "నంబర్ మార్చి ఉంటాడు, వానికి అదే పని" అన్నారు.

నాకూ ఒక పని తగిలింది. యుద్ధంలో ధైర్యానికి పతకం అందుకున్న ఒక యువ నేవీ ఆఫీసర్ గురించి నెలాఖరులోగా రాసుకురమ్మని మా అమ్మాయికి స్కూల్లో చెప్పారు. ఇంటర్నెట్లో చూస్తే పది నిమిషాల పని. పెద్దనాయన ఒప్పుకోలేదు. "ఆఫీసర్ సంగతి కావాలంటే ఆయన కింద పనిచేసినోళ్ళను అడగాల పాపా. కాగితాన్ని కాదు" అన్నారు.

కర్నూలులో దిగేసరికి సాయంత్రమైంది. కొండారెడ్డి బురుజు చుట్టూ ఆటోలు, బైకులు, పానీపూరీ బండ్లు. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు ఇది. బురుజుకు ఎదురుగా చెరుకురసం తాగుతుంటే, బండి అబ్బాయి పెద్దనాయన టోపీ మీది లంగరు గుర్తు చూసి ఏం ఉద్యోగం సార్ అని అడిగాడు. నేవీ అనగానే "ఓ, షిప్పులో వంట చేస్తారు కదా సార్" అన్నాడు. "ఔ నాయనా, చేస్తారు. మధ్యలో తీరిక దొరికితే యుద్ధం కూడా చేస్తారు" అన్నారు పెద్దనాయన, నవ్వకుండా. ఆ అబ్బాయి రెండో గ్లాసుకు డబ్బులు తీసుకోలేదు.

రాత్రికి ఒక రొట్టెల మెస్సులో తిన్నాం. ఆడవాళ్ళు ముగ్గురు పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టెలు చేత్తో తట్టి కాలుస్తున్నారు. పుల్లగోంగూర పప్పు, చెనిక్కాయల చట్నీ, పచ్చి ఉల్లిపాయ. ఇద్దరికీ కలిపి 180 రూపాయలు. నాలుగో రొట్టె నేను వద్దంటుంటే "రొట్టె వద్దంటే రొట్టె చేసినామె ఏమనుకుంటాది" అని పక్కబల్ల పెద్దాయన కోప్పడ్డాడు. తిన్నాను.

కర్నూలు, డిసెంబర్ 4

పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జి. బొరుగులు తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. హైదరాబాద్‌లో ఈ పేరుతో అమ్మేదానికీ దీనికీ సంబంధం లేదు. ప్లేటు 40 రూపాయలు. బజ్జీ కారానికి పెద్దనాయన కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ మాట అంటే ఒప్పుకోలేదు.

మేం వెళ్ళాల్సిన ఇల్లు కల్లూరు వైపు. అడ్రసులో వీధి పేరు ఉంది కానీ ఇంటి నంబర్లు ఎవరికి తోచినట్టు వాళ్ళు వేసుకున్నారు. "మిలిటరీ ఆయన ఇల్లెక్కడ" అని అడిగితే అందరూ ఉత్సాహంగా చూపించారు. మొదటి ఇల్లు ఆర్మీలో సుబేదార్‌గా చేసినాయనది, రెండోది పారామిలిటరీ ఆయనది. ఇద్దరూ కూర్చోమని కాఫీ పెట్టించారు, కాదనలేకపోయాం. రెండో ఇంటాయన తన పెన్షన్ కాగితం కూడా చూపించి, అందులో ఏదో తక్కువ పడుతోందని పెద్దనాయనతో లెక్క వేయించుకున్నాడు. చివరికి నీళ్ళ క్యాన్లు వేసే కుర్రాడికి తట్టింది: "తెల్లగుడ్డల తాత కదా? రండి."

ఆ తాత నిజంగానే తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, పైన నీలం కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేవీ డే కదా. కోటు మీద పతకాల వరస. అందులో పశ్చిమీ స్టార్ చూపించి పెద్దనాయన "నాది పూర్వీ" అన్నారు. పశ్చిమాన యుద్ధం చేసినవాళ్ళకు అది, తూర్పున చేసినవాళ్ళకు ఇది. ఆ మాత్రం అందరికీ ఇచ్చారు. ధైర్యానికి ఇచ్చే మహావీర చక్ర, వీర చక్ర వేరే.

ఆయన నిర్ఘాత్ అనే మిసైల్ బోటులో ఇంజిన్ రూం మెకానిక్. సోవియట్ వాళ్ళ దగ్గర కొన్న ఎనిమిది బోట్లలో అది ఒకటి. వాటిని నడపడం నేర్చుకోవడానికి మనవాళ్ళను వ్లాదివొస్తోక్ పంపించారు. "మే నెల కర్నూలు ఎండలో పెరిగినోన్ని తీసుకపోయి మంచులో దింపినారమ్మా. మూతి మీద మీసం గడ్డ కట్టేది." బోట్లు కలకత్తా రేవులో దిగాయి, ఎందుకంటే అంత బరువు ఎత్తే క్రేన్ అప్పట్లో బొంబాయిలో లేదు. అక్కడి నుంచి పెద్ద ఓడలు వాటిని లాక్కుంటూ దేశం చుట్టూ తిప్పి బొంబాయి చేర్చాయి. తీరాన్ని కాపలా కాయడానికి చేసిన చిన్న బోట్లను లాక్కెళ్ళి శత్రువు గుమ్మంలో వదలొచ్చన్న ఆలోచనకు ఆ ప్రయాణం బలమిచ్చింది.

1971 డిసెంబర్ 4 రాత్రి నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు బోట్లు కరాచీ మీదికి వెళ్ళాయి. తోడుగా కిల్తాన్, కచ్చాల్ అనే రెండు యుద్ధనౌకలు. ముగ్గురు బోటు కెప్టెన్లూ లెఫ్టినెంట్ కమాండర్లే: కవీనా, శర్మ, మెహతా. దళం మొత్తానికి అధిపతి కమాండర్ బబ్రూ భాన్ యాదవ్. శర్మ నడిపిన నిర్ఘాత్, ఖైబర్ అనే పాకిస్తాన్ డిస్ట్రాయర్ మీద ఒకదాని తర్వాత ఒకటిగా రెండు మిసైళ్ళు వేసింది. ఖైబర్‌లో ఉన్నవాళ్ళు తమ మీద దాడి చేసింది విమానం అనుకున్నారు. మునిగిపోయారు. వీర్ బోటు, సముద్రంలో మందుపాతరలు ఏరే ముహాఫిజ్ అనే మైన్‌స్వీపర్‌ను ముంచింది. యాదవ్‌కు మహావీర చక్ర, మిగతా ముగ్గురికీ వీర చక్ర వచ్చాయి. నేవీ డే డిసెంబర్ 4న జరిపేది ఇందుకే.

నేను పెన్ను, పుస్తకం తీసి, ఆ రాత్రి ఏం చూశారని అడిగాను.

"ఏమీ సూడలేదు" అన్నాడు. "ఇంజిన్ రూంలో ఉన్నోనికి యుద్ధం కనపడదమ్మా. మూడు డీజిల్ ఇంజిన్ల మోతలో పక్కనోడు అరిచినా వినపడదు. బోటు ఒక్క ఊపు ఊగింది, ఏదో వేసినారనుకున్యా. ఇంకోసారి ఊగింది. దేన్ని కొట్టినామో తెల్లారినాక తెలిసింది." వైర్‌లెస్‌లో వినేవాళ్ళకు అర్థం కాకూడదని బోట్ల మధ్య రష్యన్‌లో మాట్లాడుకున్నారని చాలాచోట్ల రాశారు కదా అంటే, అది పైవాళ్ళ సంగతి, నాకు తెలిసిన రష్యన్ అన్నం అడగడానికే అన్నాడు. కానీ భార్య కాఫీ గ్లాసు చేతికివ్వగానే "స్పసీబా" అన్నాడు, రష్యన్‌లో థాంక్స్ అని. యాభై ఏళ్ళుగా అంటున్నాడట. ఆ ఇంట్లో మనవళ్ళు కూడా నీళ్ళిస్తే అదే మాట అంటారు.

నాకు మనసులో ఉన్న ప్రశ్న అడిగేశాను. వీర చక్ర కెప్టెన్‌కు వచ్చింది, ఇంజిన్ దగ్గర ఉడికినవాళ్ళకు రాలేదు, అన్యాయం అనిపించలేదా? పెద్దనాయన నా వైపు గుర్రుగా చూశారు. ఆయన మాత్రం కోటు గుండీలు విప్పుకుంటూ నెమ్మదిగా చెప్పాడు: "నేను తప్పు చేస్తే ఇంజిన్ ఆగుతాది, బాగు చేసుకుంటాం. ఆయన తప్పు చేస్తే ముప్పై మందిమి పోతాం. పైన ఉన్నోనికి కనపడతాంటుంది గదా, ఎంత దగ్గరికొచ్చినామో. నాకు కనపడ్లేదు కాబట్టి నాకు బయ్యం తక్కువ." ధైర్యాన్ని ఇలా కొలిచేవాళ్ళను నేనింతకు ముందు చూడలేదు. పుస్తకంలో ఈ మాట ఒక్కటే ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

మధ్యాహ్నం అన్నం తినకుండా కదలనివ్వలేదు. కొర్రన్నం, అలసందల పులుసు, నెయ్యి. వెళ్ళేటప్పుడు నాకు కుంకుమ పెట్టి జాకెట్ గుడ్డ ఇచ్చారు. దోస్తులిద్దరూ గుమ్మంలో అరగంట నిలబడి మాట్లాడుకున్నారు. షుగర్ గురించి, మోకాళ్ళ గురించి.

కడప, డిసెంబర్ 5

నంద్యాల దాటాక మైదుకూరు దాకా నల్లరేగడి చేలు. శనగ పచ్చగా మోకాలెత్తు కూడా లేదు. ఆళ్ళగడ్డలో బస్సు ఆగినప్పుడు టీ తాగాం, చక్కెర పాకం అనాలి దాన్ని.

కడప ఏడురోడ్ల దగ్గర దిగి, ఇరవై ఏళ్ళ కిందటి ఉత్తరం కవరు మీది అడ్రసు పట్టుకుని ఆటో ఎక్కాం. ఫోన్లో మ్యాప్ మమ్మల్ని ఒక మూసేసిన రైస్ మిల్లు గేటు దాకా తీసుకెళ్ళి, చేరుకున్నారు అని చెప్పింది. ఆటో అతను దిగి, చుట్టుపక్కల నాలుగు వీధులు మాతో పాటు తిరిగాడు. మీటరు లేదు, ముందు చెప్పిన 100 కంటే పైసా ఎక్కువ అడగలేదు. సందు మొదట్లో ఒక జిరాక్స్ షాపు. కవరు చూపించగానే షాపు కుర్రాడు, కుర్రాడంటే నలభై దాటినవాడే, కాసేపు ఆ చేతిరాతను చూశాడు. "ఇది మా నాయనకు మీరు రాసిందే కదా" అన్నాడు. నాయన పోయి రెండేళ్ళవుతోందట.

పెద్దనాయన అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఆ అబ్బాయి వెనకున్న ముగ్గురి కాగితాలూ జిరాక్స్ తీసిచ్చి, షట్టర్ దించి, మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళాడు.

వాళ్ళమ్మ పెద్దనాయనను ఎప్పుడూ చూడలేదు, పేరు విని ఉంది. "అన్నా" అని పిలిచి కాళ్ళకు నీళ్ళిచ్చింది. ఏడుపు ఏమీ లేదు. చెప్పకుండా వచ్చినందుకు విసుక్కుని పొయ్యి వెలిగించింది. రాగి సంగటి గెలికి, ఊరిబిండి నూరి, నిన్నటి ఉలవచారు వేడి చేసింది. ఉత్త చేతులతో సంగటి ముద్ద చేస్తుంటే నాకు చూడటానికే చెయ్యి కాలింది.

ఆయన ఓడ మీద పనిచేయలేదు. విశాఖలో స్టోర్సు. అందుకే తనను ఎవరూ నేవీ అనుకోరని బాధపడేవాడట. ఆమె చెప్పింది ఇది: "యుద్ధానికి ముందు ఉన్నట్టుండి కూరగాయలు, మాంసం, సరుకులు బజారులో పెద్దపెద్దగా చెప్పించినారంట. రేవులో అంత పెద్ద షిప్పు లేదు. ఇదంతా ఎవరు తింటారు సార్ అని ఈయన అడిగితే, నీకెందుకు రాసుకో అన్నారంట. మాకు పెండ్లయిన ఎన్నేండ్లకో ఆ సంగతి ఎందుకో తెలిసింది ఈయనకు. ఆ రోజు మూడుసార్లు చెప్పినాడు నాకు."

కారణం ఇప్పుడు అందరికీ తెలిసినదే. ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి విక్రాంత్‌ను వేటాడటానికి నవంబర్‌లో కరాచీ నుంచి బయల్దేరింది. విక్రాంత్ అప్పటికి అండమాన్ల వైపు దాక్కుని ఉంది. అది విశాఖలోనే ఉన్నట్టు నమ్మించాలి. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ ఆ ఎత్తు వేశారు. విక్రాంత్ పేరుతో రాజ్‌పుత్ అనే పాత ఓడ వైర్‌లెస్ సందేశాలు పంపింది. గూఢచారులు పసిగట్టేలా బజారులో భారీగా సరుకులు ఆర్డరు చేశారు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటుతుండగా విశాఖ బయట పెద్ద పేలుడు వినిపించింది. ఘాజీ తొంభై మందికి పైగా మనుషులతో మునిగింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (జలాంతర్గాముల మీద వేసే, నీళ్ళలో పేలే బాంబుల) వల్లేనని మనవాళ్ళు, లోపలే ఏదో పేలిందని పాకిస్తాన్ వాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు.

ఈ కృష్ణన్ 1919లో పుట్టారు. 1941లో, ఇరవై రెండేళ్ళ వయసులో, పర్షియన్ గల్ఫ్‌లో చూపిన ధైర్యానికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అందుకున్నారు. అప్పటికి మన నేవీ బ్రిటిష్ వాళ్ళ చేతుల్లో ఉంది, మనవాళ్ళలో ఆఫీసర్లే వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. మా అమ్మాయికి కావాల్సిన యువ ఆఫీసర్ దొరికినట్టే అనుకుని ఆ ఇంటామెకు ఈ సంగతి చెప్పాను. శ్రద్ధగా వింది.

"ఇరవై రెండేండ్లప్పుడు మెడల్ ఇచ్చినారు, బాగానే ఉంది. మరి కూరగాయలకు ఏమిచ్చినారు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆయనకు తర్వాత పద్మభూషణ్ వచ్చిందని పెద్దనాయన చెప్పబోతే, "నేనడిగింది మా ఆయనకు అన్నా" అంది. కొడుకు నవ్వేశాడు. ఆమె కూడా నవ్వింది కానీ ప్రశ్నను వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం ఎర్రకారం దోసె తిన్నాం, పైన పప్పుల పొడి, 50 రూపాయలు. నెయ్యి వేసినా ఆ కారం తగ్గదు. బస చేసిన చోట మిద్దె మీద కూర్చుని పెద్దనాయన తన వంతు చెప్పారు. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. విక్రాంత్ డెక్ మీద సీహాక్ విమానాల చక్రాలకు అడ్డంగా దిమ్మలు పెట్టడం, ఎగిరే ముందు లాగేయడం ఆయన పని. ఓడకున్న నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్ళిచ్చింది కాబట్టి పూర్తి వేగం అందుకోలేదు. వేగం లేకపోతే విమానం ఎగరడానికి చాలినంత గాలి దొరకదు. అలాగే నడిపారు. డిసెంబర్ 4 పొద్దున ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ మీదికి ఎనిమిది సీహాక్‌లు వెళ్ళాయి, తర్వాత చిట్టగాంగ్. వైట్ టైగర్స్ అని పిలిచే ఆ స్క్వాడ్రన్‌ను నడిపింది లెఫ్టినెంట్ కమాండర్ సంతోష్ కుమార్ గుప్తా. మహావీర చక్ర వచ్చింది.

"పోయేటివి లెక్కపెట్టుకునేది, వచ్చేటివి లెక్కపెట్టుకునేది. ఒకటి ఆలస్యమైతే కడుపులో దేవేది. దిగినాక రెక్కలు తడిమి చూసేవాళ్ళం, యాడన్నా బొక్కలు పడినాయేమో అని. మళ్ళా పెట్రోలు పోసేది, మళ్ళా పంపేది. అదే మనిషి మళ్ళా ఎక్కి కూచుంటాడు చూడు, అది నాకు అర్థం అయ్యేది కాదు."

ఒకసారి వెళ్ళడం వేరు, చూసొచ్చి మళ్ళీ వెళ్ళడం వేరు అని ఆయన అభిప్రాయం. నాకూ అది సబబే అనిపించింది.

గండికోట, తాడిపత్రి, డిసెంబర్ 6

కడపలో కారు మాట్లాడుకున్నాం, అనంతపురం దాకా 5,500. డ్రైవరు కొండాపురం వైపు మనిషి. ఎర్రగుంట్ల దాటాక మాటల్లో పడి మైలవరం డ్యాం దాకా వెళ్ళిపోయాడు, వెనక్కి తిరిగి జమ్మలమడుగు మీదుగా రావాల్సొచ్చింది. ఆ ముప్పావు గంట ఎవరికీ బాధ అనిపించలేదు. పెద్దనాయనకు నీళ్ళు కనిపిస్తే చాలు.

గండికోటలో ఎర్రరాళ్ళ మధ్య పెన్నా లోయ చూడటానికి సెలవురోజంత జనం. అంచున నిలబడి సెల్ఫీలు దిగే పిల్లలను చూస్తే గుండె జారిపోయింది. మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం పక్కపక్కనే ఉన్నాయి. ధాన్యాగారం లోపల చల్లగా ఉంది, ఎవరో ప్రేమికుల పేర్లు గోడ నిండా. పెద్దనాయన కోట మీద ఒక్క ముక్క మాట్లాడలేదు. తిరిగొచ్చి జలాశయం గట్టు మీదికి వెళ్దామన్నారు.

దీని సామర్థ్యం 26.85 టీఎంసీలు. డ్రైవరు కారాపి వేలు చూపించాడు: "మా ఇల్లు ఆడ, ఆ నీళ్ళ కింద సార్." ఊరు ఖాళీ చేసినప్పుడు తలుపులు, కిటికీలు పీక్కుని ట్రాక్టరులో వేసుకొచ్చారట. ఆ తలుపే ఇప్పటి ఇంటికీ పెట్టుకున్నాడు. ఎత్తు సరిపోక కింద రెండు ఇటుకలు పెట్టాల్సొచ్చిందని చెప్పాడు.

నీళ్ళలో టూరిస్టు పడవ ఒకటి తిరుగుతోంది. పెద్దనాయన ఎక్కలేదు. గట్టు మీద నిలబడి, లైఫ్ జాకెట్లు ఎంతమంది వేసుకున్నారు, ఎంతమంది ఒళ్ళో పెట్టుకున్నారు లెక్కపెట్టి, పడవ ఒడ్డుకు రాగానే నడిపే కుర్రాడికి పావుగంట క్లాసు పీకారు. వాడు మొదట చిరాకుపడ్డాడు. తాడు ముడి వేసే పద్ధతి తప్పని, చూపిస్తానని ఆయన అన్నాక ఆసక్తిగా వంగి చూశాడు. మేం బయల్దేరేలోపు రెండుసార్లు విప్పి వేసి చూపించాడు.

తాడిపత్రిలో ఒక్క గంట. పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, పూర్తికాని గోపురాల మీద అంత సన్నటి చెక్కడం. పూర్తయి ఉంటే ఇంత బాగుండేది కాదేమో. ఊరి చుట్టూ నాపరాయి పాలిష్ యూనిట్లు, రోడ్డు మీద తెల్లటి బురద. అంతకంటే చూడటానికి ఓపిక మిగల్లేదు.

అనంతపురం, డిసెంబర్ 7

మూడో ఆయన హౌసింగ్ బోర్డు కాలనీలో ఉంటాడు. చెవులు సరిగా వినపడవు కాబట్టి అన్నీ గట్టిగా చెప్తాడు, వీధంతా వినపడేట్టు. ఆయనకు కోపం ఎక్కువ. కర్నూలు ఆయన మాట చెబితే ఒంటికాలి మీద లేచాడు.

"వాడు అట్లే అంటాడప్పా, వాని బోటు గెలిచింది కదా. నా స్నేహితుడు ఖుక్రీలో పోయినాడు."

ఖుక్రీ అనే మన యుద్ధనౌక 1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ దెబ్బకు మునిగింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలకుండా దానితోనే మునిగిపోయారు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. "ముల్లా సారు గొప్పోడు. నేను కాదంటానా? ఆయన పేరు అందరికీ తెలుసు, తెలియాల. నూటాడెబ్బై ఆరు మందిలో ఒక్కని పేరు చెప్పు నువ్వు" అన్నాడు నన్ను. చెప్పలేకపోయాను.

ఆ యుద్ధంలో నేవీకి వచ్చిన మహావీర చక్రలు దాదాపు అన్నీ ఆఫీసర్లవే. సెయిలర్‌కు దక్కింది ఒకటి. లీడింగ్ సీమన్ చిమన్ సింగ్. ఖుల్నా దగ్గర బోటు మునిగాక, తాను గాయపడి కూడా ఒడ్డు నుంచి తూటాలు వస్తుంటే తోటివాళ్ళను కాపాడి, శత్రువుల చేతికి చిక్కాడు. యుద్ధం ముగిశాకే విడుదలయ్యాడు. "నీ కూతురును ఆయన మీద రాయమను" అన్నాడు. ఆఫీసర్ అనే అడిగారని చెప్తే, "అదే నేననేది" అని బల్ల మీద చరిచాడు.

కర్నూలు ఆయన మాటా నిజమే, ఈయన కోపమూ నిజమే. రెంటినీ కలిపి ఒక తీర్పు చెప్పమంటే నా వల్ల కాదు. అమ్మాయికి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను. కృష్ణన్ గురించే రాస్తాను కానీ చివర్లో స్టోర్సు తాతను కూడా పెడతానంది, టీచర్ కొట్టేస్తే కొట్టేయనీ అంది.

ఆయన భార్య ఓళిగలు చేసింది, బెల్లం పూర్ణంతో, పైన నెయ్యి ధారగా. రెండు తిన్నాక మూడోది తినలేదని అలిగింది, ప్యాక్ చేయించుకున్నాక శాంతించింది. ఈ ఇంట్లో అసలు పండగ వేరే ఉంది. మనవడు అగ్నివీర్‌గా నేవీకి సెలెక్టయ్యాడు. ట్రైనింగ్ ఒడిశాలో, ఐఎన్ఎస్ చిల్కాలో. రోజూ తెల్లవారుజామున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పరిగెత్తి సంపాదించుకున్నాడు. తాతకు మాత్రం నాలుగేళ్ళ ఉద్యోగం ఏం ఉద్యోగమని గొణుగుడు. అక్కడికెళ్ళాక పరీక్షలు రాసి ఆఫీసర్ కావచ్చు అని పెద్దనాయన అంటే, "అయితే అప్పుడు చూద్దాం, నా మనవనికన్నా మెడల్ ఇస్తారేమో" అన్నాడు. అప్పటిదాకా అరిచిన మనిషి ఆ మాట మాత్రం మామూలు గొంతుతో అన్నాడు.

కుర్రాడికి మెడల్ మీద ఆసక్తి లేదు. వాడి టెన్షన్ వాంతుల గురించి. ఈత తెలుసు, సముద్రం మీద తల తిరుగుతుందని ఎవరో చెప్పారట. మొదటి వారం అందరికీ తిరుగుతుందని, అడ్మిరల్‌కైనా తిరుగుతుందని, ఖాళీ కడుపుతో ఉండకూడదని పెద్దనాయన ధైర్యం చెప్పారు. తర్వాత కాగితం తీసుకుని చిల్కాకు పట్టుకెళ్ళాల్సినవి రాసిచ్చారు. రెండు తాళాలు, సూది దారం, షూ పాలిష్, కొబ్బరినూనె, ఇంటి అడ్రసు రాసిన కవర్లు. ఫోన్ ఉంటుంది కదా తాతా, కవర్లెందుకు అని వాడడిగాడు. కొట్టేశారు. ఊరగాయ రాశాడు వాడు. పెద్దనాయన అదీ కొట్టేశారు. "రాత్రికి రాత్రే జాడీ ఖాళీ చేస్తారు నాయనా, నీకు మిగిలేది మూతే. చెనిక్కాయల పొడి తీసుకుపో, దాని రుచి తెలిసినోళ్ళు ఆడ తక్కువ."